అద్దె కారు ముందే తిరిగిస్తే బిల్లు ఎంత తగ్గుతుంది, ఎప్పుడు పెరుగుతుంది

వారానికని కారు అద్దెకు తీసుకుంటారు. పని నాలుగు రోజుల్లో తేలిపోతుంది. మిగతా మూడు రోజుల డబ్బు వెనక్కి వస్తుందనుకుని తాళాలు ఇచ్చేస్తారు. తీరా బిల్లు చూస్తే మొత్తం కొంచెమే తగ్గి ఉంటుంది, లేదా అసలు తగ్గదు, ఒక్కోసారి ఏకంగా పెరిగి ఉంటుంది. కౌంటర్లో ఉన్న మనిషితో గొడవ మొదలయ్యేది అక్కడే. నిజానికి ఆ మనిషి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. తిరిగిచ్చిన టైమ్ కంప్యూటర్లో కొట్టగానే లెక్క దానంతటదే మారిపోతుంది. ఆ లెక్క ఎలా నడుస్తుందో తెలిసి ఉంటే, కారు ఎప్పుడు ఇవ్వాలో, ఇవ్వకుండా పార్కింగ్‌లో పెట్టుకోవడమే నయమో మీరే తేల్చుకోవచ్చు.

ముందే తిరిగిస్తే వాడని రోజులు తీసేసి మిగిలినదానికి బిల్లు వేస్తారని అనుకోవద్దు. మొదటి నుంచీ నాలుగు రోజులకే తీసుకుని ఉంటే ఎంతయ్యేదో ఆ లెక్క కొత్తగా కడతారు. కింద చెప్పే చిక్కులన్నీ ఇందులోంచే పుడతాయి.

వారం రేటు పోతే ఏమవుతుంది

అంకెల్లో చూద్దాం, కరెన్సీ ఏదైనా సరే. రోజు రేటు 100, వారం రేటు 490 అనుకోండి. వారానికి తీసుకున్నవాళ్లకు రోజుకు 70 పడుతుంది. నాలుగు రోజులకే ఇచ్చేస్తే 280 అవుతుందని మనం లెక్కేసుకుంటాం. కంపెనీ లెక్కలో మాత్రం వారం రేటు రద్దయిపోయి, రోజుకు 100 చొప్పున 400 పడుతుంది. 210 మిగులుతుందనుకున్న చోట మిగిలేది 90.

ఇది మెరుగైన సందర్భం. ఎందుకంటే "రోజు రేటు" అన్నది ఎక్కడి నుంచి తీసుకుంటారన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొందరు అగ్రిమెంట్‌లో అచ్చయిన రోజు రేటే వేస్తారు. కొందరు, మీరు కారు తీసుకున్న రోజున బుకింగ్ లేకుండా నేరుగా కౌంటర్‌కు వచ్చినవాళ్లకు ఏ రేటు నడిచిందో అది వేస్తారు. నెలన్నర ముందు తక్కువలో బుక్ చేసుకున్నవాళ్లకు ఈ రెండో పద్ధతి బాగా తగులుతుంది. ఆ రేటు 130 ఉంటే నాలుగు రోజులకు 520. పూర్తి వారం ఉంచుకుంటే అయ్యే 490 కంటే 30 ఎక్కువ కట్టి, కారు లేకుండా బయటికి వస్తారన్నమాట.

అగ్రిమెంట్‌లో "అదనపు రోజు", "అదనపు గంట" అని రెండు రేట్లు కనిపిస్తాయి. అవి ఆలస్యంగా ఇచ్చేవాళ్ల కోసం. ముందే ఇచ్చేటప్పుడు కూడా అవే వర్తిస్తాయనుకుంటే లెక్క తప్పుతుంది. ముందే ఇస్తే ఏ రేటు వేస్తారన్నది సాధారణంగా అగ్రిమెంట్ వెనక పేజీలోనో, బుకింగ్ చేసేటప్పుడు చూపే రేటు నియమాల్లోనో ఉంటుంది. "కనీస అద్దె కాలం" అన్న మాట వెతకండి, దాని పక్కనే అసలు విషయం ఉంటుంది.

కంపెనీల వైపు నుంచి చూస్తే దీనికి కారణం లేకపోలేదు. కారు ఒకసారి బయటికి వెళ్లి ఏడు రోజులు అక్కడే ఉంటే, కడగడం, చెక్ చేయడం, కాగితాలు అన్నీ ఒక్కసారితో అయిపోతాయి. మధ్యలో కారు ఖాళీగా నిలబడదు. వారం రేటు తక్కువ ఉండేది అందుకే. గిరాకీ లేని రోజున ముందే వచ్చి చేరిన కారు యార్డులో పడి ఉంటుంది. పైగా వారం రేటుకు తీసుకుని మూడు రోజులకే ఇచ్చేసే దారి తెరిచి ఉంచితే, రోజు రేటు కట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

వారం రేటు నిలవడానికి చాలా కంపెనీలు కనీసం 5 అద్దె రోజులు ఉండాలంటాయి. ఆ గీత దాటితే 5 రోజులకైనా, 6 రోజులకైనా, 7 రోజులకైనా ఒకటే మొత్తం. గీత దాటకపోతే రోజు రేటు. దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. అయిదో రోజు నడుస్తుండగా కారు ఇచ్చేసినా, ఏడో రోజున ఇచ్చినా అద్దె తేడా ఉండదు, తగ్గేది పిల్లల సీటు, రెండో డ్రైవర్ లాంటి రోజువారీ అదనాలు మాత్రమే. ఇక నాలుగో రోజు ముగిసే వేళకి ఇచ్చేయాలనుకుంటున్నవాళ్లు, ఇంకొన్ని గంటలు ఆగితే అది అయిదో రోజు కింద పడి వారం రేటు నిలబడవచ్చు. ఇది నమ్మశక్యంగా అనిపించదు గానీ, 96 గంటలకు ఇస్తే 520, 99 గంటలకు ఇస్తే 490 అయ్యే సందర్భాలు నిజంగానే ఉంటాయి. మూడు గంటలు ఆగే వీలుంటే బ్రాంచిని అడిగి ఆగండి.

వారాంతపు రేటుది ఇంకో మెలిక. శనివారం రాత్రి కారు మీ దగ్గరే ఉండాలన్నది చాలాచోట్ల షరతు. గురువారమో శుక్రవారమో తీసుకుని శనివారం మధ్యాహ్నమే ఇచ్చేస్తే ఆ రేటు పోయి, మామూలు రోజు రేటు పడుతుంది. వారాంతపు రేటు మామూలు రేటులో సగం దాకా పడిపోయే చోట్ల, శనివారం ఇవ్వడం కంటే ఆదివారం ఇవ్వడమే చౌక కావచ్చు.

నెలవారీ అద్దెలో ఈ దెబ్బ మరీ పెద్దది. నెల రేటు 28 రోజులకో 30 రోజులకో కడతారు. ఇరవయ్యో రోజున ఇస్తే రెండు వారాల రేటు, ఆపైన ఆరు రోజులకు మరో వారం రేటు, మొత్తం మూడు వారాల రేటు పడవచ్చు. నెల రేటు మూడు వారాల రేటుకు దగ్గరగా ఉన్నప్పుడు మిగిలేది శూన్యం. నెలవారీ అద్దెలో కారు ఉంటే, ఏ రోజున ఇస్తే ఎంత అవుతుందో బ్రాంచి వాళ్ల చేత వరసగా రాయించుకోండి. వాళ్లకది నాలుగైదు నిమిషాల పని.

అద్దె రోజు అంటే 24 గంటలు

అద్దె రోజు అర్ధరాత్రి మారదు. మీరు కారు తీసుకున్న గంట నుంచి 24 గంటలు ఒక రోజు. చాలా కంపెనీలు దానిమీద కొన్ని నిమిషాలు సడలింపు ఇస్తాయి, 29 నిమిషాలన్నది తరచూ కనిపించే లెక్క. అది దాటితే గంట చొప్పున పడుతుంది. గంట రేటు ఎక్కువగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు గంటలకే పూర్తి రోజు రేటుకు చేరిపోతుంది. కొన్ని దేశాల్లో గంటల లెక్కే ఉండదు, సడలింపు దాటగానే ఇంకో రోజు పడుతుంది.

సోమవారం ఉదయం 10 గంటలకు కారు తీసుకున్నారు. శనివారం సాయంత్రం 6కి ఇస్తామని రాశారు. అది 5 రోజుల 8 గంటలు, బిల్లులో 6 రోజులు. వారం రేటు కాకుండా విడి రోజుల రేటుతో తీసుకుని ఉంటే, శనివారం ఉదయం 10 లోపు ఇచ్చేస్తే ఒక పూర్తి రోజు తగ్గుతుంది. ఒంటిగంటకు ఇస్తే గంటల లెక్క కలిసి దాదాపు ఏమీ తగ్గదు. శుక్రవారం రాత్రి 8కే ఇచ్చేసినా శనివారం ఉదయం 10కి ఇచ్చినదానికంటే పైసా తగ్గదు, ఎందుకంటే 4 రోజుల 10 గంటలు కూడా 5 రోజులే. రాత్రిపూట హడావిడిగా పరిగెత్తి ఇవ్వాల్సిన పనే లేదు.

కారు తీసుకునే రోజున అగ్రిమెంట్ మీద రాసిన "బయటికి వెళ్లిన టైమ్" చూసి, ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. బుకింగ్‌లో 10 అని ఉన్నా, కౌంటర్లో వరుసలో నిలబడి 10.40కి తాళాలు అందుకుంటే, అగ్రిమెంట్ మీద 10.40 అని ఉండొచ్చు. గడియారం మొదలయ్యేది అక్కడి నుంచే. అయితే కొన్ని ప్రీపెయిడ్ బుకింగుల్లో బుక్ చేసిన టైమే లెక్క. ఒక్క గంట తేడా ఒక రోజు అద్దె అవుతుంది గనక ఇది అడిగి తెలుసుకోవాల్సిన విషయమే.

ముందే డబ్బు కట్టేసి ఉంటే

కౌంటర్లో కట్టే బుకింగ్‌కీ, ఆన్‌లైన్‌లో ముందే కట్టేసిన బుకింగ్‌కీ తేడా ఇక్కడ బాగా బయటపడుతుంది. ప్రీపెయిడ్‌లో రేటు కొంచెం తక్కువ. దానికి బదులుగా, కారు చేతికి వచ్చాక వాడని రోజులకు డబ్బు వెనక్కి ఇచ్చేది లేదని షరతు పెడతారు. కారు తీసుకోకముందు మార్చుకుంటే కొంత రుసుము పట్టుకుని మిగతాది ఇస్తారు, కానీ తాళాలు అందుకున్నాక ఆ తలుపు మూసుకుపోయినట్టే. అందుకే ప్రయాణం కుదించుకునే అవకాశం కొద్దిగా కనిపించినా, కౌంటర్‌కు వెళ్లకముందే తేదీలు మార్చండి.

మధ్యవర్తి వెబ్‌సైట్లలో బుక్ చేసినవాళ్లకు ఇంకో ఇబ్బంది. డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంటుంది, కారు కంపెనీ దగ్గర ఉంటుంది. బ్రాంచిలో అడిగితే "మీరు మాకు కట్టలేదు" అంటారు, అది నిజమే. వోచర్ మీద "వాడని రోజులకు వాపసు లేదు" అని ఉంటే మధ్యవర్తి కూడా చేతులెత్తేస్తాడు. వోచర్‌లో అలాంటి మాట లేకపోతే మాత్రం, బ్రాంచి ఇచ్చిన ముగింపు రసీదు మీద తిరిగిచ్చిన తేదీ, టైమ్ కనిపించేలా జతచేసి మధ్యవర్తికి రాయండి. ఆ కాగితం లేకుండా రాసిన మెయిల్‌కు ఫలితం ఉండదు.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. అద్దె ప్రీపెయిడ్ అయినా, కౌంటర్లో విడిగా తీసుకున్నవి ప్రీపెయిడ్ కావు. పిల్లల సీటు, రెండో డ్రైవర్, నావిగేషన్, డ్యామేజీ వేవర్ (కారు దెబ్బతింటే మీరు కట్టాల్సింది తగ్గించే రక్షణ) లాంటివన్నీ సాధారణంగా రోజు లెక్కన పడతాయి, అసలు వాడిన రోజులకే వేయాలి. అద్దె ఎలాగూ రాదని, తాళాలు డబ్బాలో పడేసి వెళ్లిపోతే వీటి మీద రావాల్సింది కూడా పోతుంది.

అదనాల్లో ఏవి తగ్గుతాయి, ఏవి తగ్గవు

డ్యామేజీ వేవర్, రెండో డ్రైవర్, తక్కువ వయసు డ్రైవర్ రుసుము రోజులతో పాటు తగ్గుతాయి. వేవర్ రోజు ఖర్చు ఒక్కోచోట కారు అద్దెకు దీటుగా ఉంటుంది, అందువల్ల వారం రేటు పోయినా వేవర్ మీద మిగిలేదాంతో మొత్తం మీద లాభమే కావచ్చు. పిల్లల సీటుకూ నావిగేషన్‌కూ గరిష్ట పరిమితి పెట్టే కంపెనీలున్నాయి. 10 రోజుల దగ్గర పరిమితి ఉంటే, 14 రోజులకు తీసుకున్న సీటు 11వ రోజున ఇచ్చినా ఏమీ తగ్గదు. వేరే ఊళ్లో ఇచ్చే వన్‌వే రుసుము మొత్తంగా ఒక్కసారి పడేది, అది కదలదు. విమానాశ్రయం వాళ్లు వసూలు చేసేవి కొన్ని మొత్తం బిల్లు మీద శాతంగా, కొన్ని రోజుకు ఇంతని ఉంటాయి, ఇవి అద్దెను బట్టి తగ్గడమో పెరగడమో జరుగుతుంది. పన్ను ఎటూ మొత్తం మీదే.

బయట ఇంకో సంస్థ దగ్గర కొన్న ఇన్సూరెన్స్ సంగతి వేరు. అది కారు కంపెనీతో సంబంధం లేనిది. పాలసీ మొదలయ్యాక రోజులు తగ్గించి డబ్బు ఇవ్వడం అరుదు.

ముందే కొనే ఇంధనం ఇంకో నష్టం. నిండు ట్యాంకుకు ముందే కట్టేసి, ఖాళీగా తిరిగివ్వచ్చన్నది ఆ పథకం. మిగిలిన ఇంధనానికి డబ్బు ఇవ్వరు. వారం తిరుగుతామని తీసుకుని మూడు రోజులకే ఇస్తే సగం ట్యాంకు వాళ్లకు వదిలేసినట్టే. ప్రయాణం మారే వీలున్నవాళ్లు నిండుగా తీసుకుని నిండుగా ఇచ్చే పద్ధతే ఎంచుకోవాలి.

కూపన్ల సంగతీ అంతే. "కనీసం 5 రోజులకు తీసుకుంటే ఒక రోజు ఉచితం" లాంటి కూపన్ వాడి ఉంటే, రోజులు తగ్గగానే ఆ ఉచితం వెనక్కి లాగేసుకుంటారు.

కిలోమీటర్ల పరిమితి గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎక్కువమందికి చేతి చమురు వదిలేది ఇక్కడే. రోజుకు 200 కిలోమీటర్ల పరిమితితో వారానికి తీసుకున్నారంటే మీకు 1400 ఉన్నాయి. మొదటి నాలుగు రోజుల్లోనే దూరప్రయాణం చేసి 1100 తిరిగారు. ఏడు రోజులు ఉంచుకుంటే ఇది పరిమితిలోపే. నాలుగు రోజులకే ఇస్తే పరిమితి 800కు పడిపోతుంది, 300 కిలోమీటర్లు అదనం. కిలోమీటరుకు 0.30 వేస్తే 90. పైన వారం రేటు లెక్కలో మిగిలిన 90 కాస్తా ఇక్కడ సరిపోయింది, పన్నుతో కలిపితే నష్టమే. అపరిమిత కిలోమీటర్లు వారం రేటుకు మాత్రమే ఇచ్చి, రోజు రేటుకు పరిమితి పెట్టే చోట్ల ఇంకా దారుణం. అందుకని కారు ఇవ్వాలన్న ఆలోచన రాగానే ఓడోమీటర్ చూసి, తీసుకున్నప్పటి అంకె తీసేసి, వచ్చినదాన్ని వాడిన రోజులకు దక్కే పరిమితితో పోల్చి చూసుకోండి.

వీటన్నిటికీ పైన, కొన్ని కంపెనీలు "ముందస్తు వాపసు రుసుము" అని ఒక స్థిరమైన మొత్తం వేస్తాయి. రేటు మార్పు రుసుము అన్న పేరుతోనూ కనిపిస్తుంది. ముందుగా ఫోన్ చేసి తేదీ మార్పించుకుంటే దీన్ని తగ్గించే కంపెనీలూ ఉన్నాయి.

ఇవ్వకముందు చేయాల్సిన ఫోన్

బుకింగ్ నంబర్ పక్కన పెట్టి, అగ్రిమెంట్ నంబర్ చేతిలో ఉంచుకోండి. కారు బయటికి వెళ్లాక కంపెనీ వ్యవస్థలో నడిచేది అగ్రిమెంటే. వీలైతే కాల్ సెంటర్‌కు కాకుండా కారు ఇచ్చిన బ్రాంచికే చేయండి. తెరిచి ఉన్న అగ్రిమెంట్ వాళ్ల ముందే ఉంటుంది, మీరు చెప్పిన టైమ్‌కు మూసేస్తే ఎంతవుతుందో కొట్టి చూడగలరు.

మొదటి మాటే ఇలా చెప్పండి: "ఇంకా ఏమీ మార్చకండి, రేటు మాత్రం చూసి చెప్పండి." ఇది ముఖ్యం. కొందరు ఏజెంట్లు అడిగిందే తడవుగా తేదీ మార్చేస్తారు, దాంతో పాత రేటు పోతుంది, మళ్లీ తెమ్మంటే రాదు. తర్వాత ఫలానా రోజు ఫలానా గంటకు ఇస్తే పన్నులతో కలిపి చివరి మొత్తం ఎంతో అడగండి. రోజుకు ఎంత అని అడిగితే పన్నులూ రుసుములూ లేని అంకె చెబుతారు, దాంతో ఉపయోగం లేదు. అదే ఊపులో అసలు తేదీన ఇస్తే మొత్తం ఎంతో కూడా అడిగి రెండూ పక్కపక్కన రాసుకోండి. కిలోమీటర్ల పరిమితి మారుతుందా, ముందస్తు రుసుము ఏమైనా ఉందా అన్నవి విడిగా అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

చెప్పింది మెయిల్‌లో పంపమనండి. పంపకపోతే, "మీరు ఈ టైమ్‌కు ఇస్తే ఇంత అవుతుందని చెప్పారు" అని మీరే బ్రాంచికి మెయిల్ పెట్టండి. మాట్లాడినవాళ్ల పేరు, టైమ్ అందులో రాయండి. తర్వాత వాదనకు పనికొచ్చేది అదే.

రెండు అంకెలు చేతికొచ్చాక ఇంకో లెక్క మిగిలి ఉంటుంది. కారు ఉంచుకుంటే రోజూ పార్కింగ్ ఎంత, వేవర్ లేకపోతే కారుకు గీత పడితే మీ జేబులోంచి ఎంత పోతుంది, ఏ టైమ్‌కు బ్రాంచి తెరిచి ఉంటుంది. ముందే ఇస్తే 30 ఎక్కువైనా, ఉంచుకుంటే పార్కింగ్‌కు రోజుకు 25 చొప్పున మూడు రోజులు కట్టాల్సి వస్తే, ముందే ఇవ్వడమే మేలు. పార్కింగ్ ఉచితమై, రెండో చోట ఇచ్చే పనిలేకపోతే, కారు అక్కడే నిలిపి అసలు తేదీన ఇచ్చేయడం మంచిది. వాడకుండా ఉంచుకోవడం వృథా అనిపించి ఎక్కువ డబ్బు కట్టేవాళ్లున్నారు, ఆ భావనకు లొంగకండి.

దగ్గర్లో ఉంది కదా అని అదే కంపెనీ వేరే బ్రాంచిలో ఇచ్చేయడం మాత్రం చెప్పకుండా చేయొద్దు. వన్‌వే రుసుము, రేటు మార్పు రెండూ ఒకేసారి పడతాయి. ఫ్రాంచైజీ బ్రాంచి అయితే పేరు ఒకటే అయినా యజమాని వేరు, కారును వెనక్కి తీసుకెళ్లే ఖర్చు కూడా మీ మీదికే రావచ్చు.

తాళాలు ఇచ్చేటప్పుడు

మనుషులున్న వేళకే ఇవ్వండి. మూసి ఉన్నప్పుడు తాళాల డబ్బాలో వేస్తే, చాలాచోట్ల బ్రాంచి తెరిచి కారు చూసేదాకా అగ్రిమెంట్ నడుస్తూనే ఉంటుంది. అప్పటిదాకా కారుకు ఏమైనా మీదే బాధ్యత. శనివారం రాత్రి డబ్బాలో వేసిన తాళం సోమవారం ఉదయం తీస్తే, తిరిగిచ్చిన టైమ్ సోమవారం అయి కూర్చుంటుంది. ముందే ఇచ్చి లాభపడదామనుకున్నది మొత్తం అక్కడితో సరి. తప్పనిసరై డబ్బాలోనే వేయాల్సి వస్తే, ఇంధనం ముల్లు, ఓడోమీటర్ ఒకే ఫ్రేములో వచ్చేలా ఒక ఫోటో, నాలుగు వైపులా, పైకప్పు, చక్రాలు, అద్దం, బ్రాంచి బోర్డు కనిపించేలా కారు నిలిపిన చోటు ఫోటోలు తీసి, అక్కడి నుంచే మెయిల్ పంపేయండి. మెయిల్‌కున్న టైమ్ మీ సాక్ష్యం.

మనిషి ఉంటే, యార్డులో స్కాన్ చేసి "అయిపోయింది, వెళ్లండి" అంటారు. వెళ్లకండి. ముగింపు రసీదు చేతికో మెయిల్‌కో వచ్చేదాకా ఆగి, అందులో తిరిగొచ్చిన తేదీ, టైమ్, కిలోమీటర్లు, ఇంధనం ఈ నాలుగూ సరిచూడండి. తర్వాత రోజుల సంఖ్య, రేటు రకం, అదనాల రోజులు చూడండి. అద్దె నాలుగు రోజులకు మారి, పిల్లల సీటు మాత్రం ఏడు రోజులకే ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు. అక్కడే చెబితే నిమిషంలో సరిచేస్తారు, ఇంటికెళ్లాక చెబితే వారాలు పడుతుంది. ఫోన్‌లో చెప్పిన మొత్తానికీ దీనికీ తేడా ఉంటే ఆ మెయిల్ చూపించండి.

కార్డు మీద ఆపి ఉంచిన డిపాజిట్ అగ్రిమెంట్ మూసేదాకా కదలదు, మూసిన తర్వాత కంపెనీ వదిలినా బ్యాంకు దాన్ని చూపించడానికి కొన్ని పని దినాలు పడుతుంది. డెబిట్ కార్డు అయితే ఆగింది మీ సొంత డబ్బే గనక ఇంకా ఇబ్బంది. వేరే కరెన్సీలో కట్టి ఉంటే, వాపసు వచ్చే రోజు మారకం రేటు వేరుగా ఉండి రావాల్సినదాంట్లో కొంత తగ్గొచ్చు. టోల్ యంత్రం రుసుములు, ట్రాఫిక్ జరిమానాలు తర్వాత వారాల్లో విడిగా వస్తాయి. వాటికీ తిరిగిచ్చిన టైమ్ కీలకం: మీరు ఇచ్చేసిన తర్వాతి టైమ్‌తో టోల్ పడితే ముగింపు రసీదు పంపి కొట్టేయించుకోవచ్చు.

బండి చెడిపోయి ఇస్తే

కంపెనీ ఇచ్చిన కారే చెడిపోయి ముందే ఇవ్వాల్సి వస్తే పై లెక్కలేవీ వర్తించనివ్వకండి. మొదట ఫోన్ చేసి బదులు కారు అడగండి. లేదంటే, "యాంత్రిక లోపం, బదులు కారు లేదు" అని అగ్రిమెంట్ మీద రాయించుకుని, పాత రేటు చొప్పునే వాడిన రోజులకు బిల్లు వేయమనండి. రాయించుకోకుండా తాళాలిచ్చి వెళ్తే వ్యవస్థలో అది మామూలు ముందస్తు వాపసు కిందే నమోదవుతుంది. డాష్‌బోర్డు మీద వెలిగిన హెచ్చరిక లైటు ఫోటో ఇలాంటప్పుడు చాలా పనిచేస్తుంది.

వ్యక్తుల కార్లు అద్దెకిప్పించే యాప్‌లలో పద్ధతి వేరు. యాప్‌లో ప్రయాణం కుదించమని అభ్యర్థన పెట్టి, యజమాని ఒప్పుకున్నాకే కారు ఇవ్వాలి. ముఖాముఖి మాట్లాడుకుని తాళం ఇచ్చేస్తే యాప్ దృష్టిలో ప్రయాణం పూర్తికాలమే నడిచినట్టు. గంటల లెక్కన తీసుకునే కార్లలో, ముగించే బటన్ ముందే నొక్కినా బుక్ చేసిన గంటలకే బిల్లు వేసేవి కొన్ని, మిగిలిన గంటల్లో కొంత తగ్గించేవి కొన్ని.

ముందే ఇవ్వాల్సి రావచ్చని తెలిస్తే

బుక్ చేసేటప్పుడే ఆ అవకాశం కనిపిస్తుంటే, కౌంటర్లో కట్టే రేటు, కనీస రోజుల షరతు లేనిది ఎంచుకోండి. ఆఫీసు ఒప్పందపు రేట్లలో ఎక్కువగా ఈ సౌలభ్యం ఉంటుంది, రోజు రేటు కొద్దిగా ఎక్కువున్నా తగ్గించుకోవడం తేలిక. తక్కువ రోజులకు తీసుకుని తర్వాత పొడిగించుకోవడం ఇంకో దారి, కానీ పొడిగింపు రేటు ఆ రోజు గిరాకీని బట్టి ఉంటుంది. పండగ సెలవుల్లోనైతే కారు ఇంకొకరికి బుక్ అయి పొడిగింపే దొరకకపోవచ్చు.

రెండు ముక్కలుగా బుక్ చేయడం నాకు నచ్చే పద్ధతి. ఏడు రోజుల్లో మొదటి నాలుగూ ఖాయం, చివరి మూడూ అనుమానం అయితే, నాలుగు రోజులకు ఒకటి, అదే గంట నుంచి మూడు రోజులకు ఇంకొకటి, ఉచితంగా రద్దయ్యేలా. రెండూ కలిపి 490 కంటే ఎంత ఎక్కువవుతుందో చూడండి. 40 ఎక్కువైతే, ఆ 40 మీ వెసులుబాటుకు ధర, చాలాసార్లు అది గిట్టుబాటే. రెండో బుకింగ్‌కు కారు మారకుండా అదే కొనసాగించేలా మొదటి రోజునే కౌంటర్లో చెప్పి, రెండో బుకింగ్ నంబర్ మొదటి అగ్రిమెంట్‌లో రాయించుకోండి. కాకపోతే వాళ్లు రెంటినీ కలిపి ఒకే అగ్రిమెంట్‌గా చేస్తామంటే ఒప్పుకోవద్దు, కలిపితే మళ్లీ ఏడు రోజుల అద్దే అవుతుంది. చివరి మూడు రోజులు అక్కర్లేదని తేలితే, రెండో బుకింగ్ మొదలయ్యే టైమ్‌కు ముందే రద్దు చేయండి. కొన్ని కంపెనీలు 24 గంటల ముందే రద్దు చేయమంటాయి, ఆ గడువు దాటితే రానివాళ్ల మీద వేసే రుసుము కార్డు మీద పడుతుంది.